డబ్బా ముందు రాసింది కాదు, వెనక రాసింది చూసి ఆయిల్ పోయించండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్ళి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు షెడ్లకు సర్వీసింగుకి వచ్చే కార్లలో తెలుగువాళ్ళవి చాలా ఉంటాయి. బండి నంబరు ఏ రాష్ట్రానిదైనా కౌంటరు దగ్గర వినబడే ప్రశ్న మాత్రం ఒకటే. "ఇన్నాళ్ళూ సింథటిక్ పోయించాం, ఇప్పుడు మామూలు ఆయిల్‌కి మారొచ్చా?" లేదంటే, "ఇన్నాళ్ళూ మామూలుదే, ఇప్పుడు సింథటిక్ పోయిస్తే ఏమైనా అవుతుందా?" దీనికి షెడ్డుకో జవాబు వస్తోంది. ఒకసారి సింథటిక్ పోశాక మళ్ళీ వెనక్కి రాకూడదని ఒకరంటారు. పాత బండికి సింథటిక్ పోస్తే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీళ్ళు కారిపోతాయని ఇంకొకరు. రెండూ కలిస్తే పాలు విరిగినట్టు విరిగిపోతాయి, కాబట్టి ముందు ఫ్లష్ చేయించాలని, అంటే మందు పోసి ఇంజిన్ లోపల కడిగించాలని మరొకరు. మొదటి మాట తప్పు. రెండోది సగం నిజం. మూడోది బిల్లు పెంచే మాట. వీటిని నమ్మి కొందరు అక్కర్లేని డబ్బు పెడుతున్నారు, ఇంకొందరు బాగున్న ఇంజిన్ని పాడుచేసుకుంటున్నారు. అందుకే మీ పత్రిక ద్వారా ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం.

ముందు అసలు తేడా ఏమిటో చూద్దాం. ఏ ఇంజిన్ ఆయిల్‌లోనైనా ఉండేవి రెండు: మూల నూనె, అందులో కలిపే మందులు. మడ్డి కట్టకుండా కడిగేవి, అరుగుదల ఆపేవి, నురగ రాకుండా చూసేవి, వేడికి మరీ పలచబడకుండా పట్టి ఉంచేవి, ఇవన్నీ ఆ మందులే. మామూలు ఆయిల్‌కీ, అంటే మినరల్ ఆయిల్‌కీ, సింథటిక్ ఆయిల్‌కీ ముఖ్యమైన తేడా మూల నూనెలో ఉంటుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే డబ్బా మీద కనిపించే ఏపీఐ, మూల నూనెల్ని 5 తరగతులు చేసింది. మొదటి రెండూ ముడి చమురు శుద్ధిలో వచ్చేవి. మామూలు ఆయిల్ అంటే ఇవే. మూడోది కూడా ముడి చమురు నుంచే వస్తుంది గానీ, హైడ్రోజన్‌తో గట్టిగా పగలగొట్టి, అణువుల్ని సరిచేసి తీస్తారు. నాలుగోది రసాయనంగా తయారుచేసిన పాలీ ఆల్ఫా ఓలిఫిన్. ఐదులో ఎస్టర్లూ, మిగతావన్నీ వస్తాయి. మూడో తరగతిని సింథటిక్ అనొచ్చా అని అమెరికాలో రెండు పెద్ద ఆయిల్ కంపెనీలు తగాదా పడ్డాయి. 1999లో అక్కడి ప్రకటనల వివాదాలు చూసే విభాగం అనొచ్చనే వైపు తేల్చింది. అప్పటి నుంచీ బజారులో సింథటిక్ పేరుతో వచ్చే ఆయిల్‌లో మూడో తరగతిదే పెద్ద వాటా. అంటే చాలామంది భయపడేటంత వేరే జాతి పదార్థం కాదది. బాగా శుద్ధి చేసిన, అణువులన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉన్న నూనె.

ఇక "సెమీ సింథటిక్" అన్న మాట. ఎంత శాతం సింథటిక్ ఉంటే అలా రాయాలో డబ్బా చెప్పదు. ఆ మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

రెండూ కలవవన్న భయం తీరాలి. ఏపీఐ ముద్ర పొందే ప్రతి ఆయిలూ వేరే ఆయిళ్ళతో కలిపినప్పుడు విడిపోకుండా, ముద్దకట్టకుండా ఉండాలన్నది పరీక్షలో ఒక షరతు. వేడిలోనూ చలిలోనూ కలిపి చూస్తారు. సెమీ సింథటిక్ అంటేనే ఆ రెండిటి కలయిక కదా! ఎంత జాగ్రత్తగా తీసినా, ఆయిల్ మార్చేటప్పుడు పాతది కొంత లోపలే ఉండిపోతుంది. ఇంజిన్ పై భాగమైన హెడ్‌లో, ఆయిల్ దారుల్లో, పంపులో కలిపి చిన్న కార్లలో పావు లీటరు నుంచి అరలీటరు దాకా మిగులుతుంది. దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. మినరల్ నుంచి సింథటిక్‌కి గానీ, సింథటిక్ నుంచి మినరల్‌కి గానీ మారడానికి ఫ్లష్ అక్కర్లేదు. కలిపితే పోయేదల్లా ఒక్కటే, ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఆయిల్ గుణం ఆ మేరకు తగ్గుతుంది. నేషనల్ హైవే 44 మీద అనంతపురం దాటాక ఆయిల్ తక్కువగా ఉందని తెలిసి, బంకులో మీ రకం దొరకకపోతే, దగ్గరి గ్రేడుది, అంటే చిక్కదనం దగ్గరగా ఉన్నది, ఏది దొరికితే అది అరలీటరు పోసుకుని బయలుదేరండి. ఆయిల్ తక్కువతో నడిపితే బేరింగులు పోతాయి. రకం మారితే పోవు.

సీళ్ళు కారే మాటకి చరిత్ర ఉంది. 1970ల్లో కార్లకు సింథటిక్ ఆయిళ్ళు వచ్చిన కొత్తలో వాటి తయారీ ఇప్పటిలా కుదురుకోలేదు. పాలీ ఆల్ఫా ఓలిఫిన్ రబ్బరు సీళ్ళని కొంచెం ముడుచుకునేలా చేస్తుంది, ఎస్టర్ ఉబ్బిస్తుంది. రెండిటినీ సరైన పాళ్ళలో కలపడం తెలిసేలోపు కొన్ని బళ్ళు కారాయి. ఆ మాట నోటి నుంచి నోటికి వస్తూ ఇప్పటికీ మిగిలింది. ఇవాళ్టి ఆయిల్ సీలుని పాడుచేయదు. కానీ లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో సీలు అప్పటికే గట్టిబడి, పగులు ఇచ్చి, ఆ పగుల్లో మడ్డి పేరుకుని కారకుండా ఆగి ఉండొచ్చు. సింథటిక్‌లోని కడిగే మందు ఆ మడ్డిని తీసేస్తే కారుడు బయటపడుతుంది. అక్కడ చేయాల్సింది సీలు మార్పించడం. క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు) వెనక సీలైతే గేరుబాక్సు దించాలి, ఖర్చు ఎక్కువ. వాల్వ్ కవర్ ప్యాకింగ్ అయితే చిన్న పని. కాబట్టి పాత బండికి సింథటిక్ పోయించే ముందు కింద కార్డుబోర్డు అట్ట పరిచి రాత్రంతా ఉంచండి. మర్నాడు ఎక్కడ చుక్క పడిందో చూసుకోండి. ముందే కారుతుంటే ముందే తెలుస్తుంది, తర్వాత తప్పు ఆయిల్ మీదకు నెట్టే పని ఉండదు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. రకం మార్చేటప్పుడు తెలియకుండానే గ్రేడు కూడా మారిపోతోంది. ఈ ఒక్క సంగతి పాఠకులకు చేరితే చాలు.

డబ్బా మీద 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 అని ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూని సున్నాకి 30 డిగ్రీలు కింద పరీక్షిస్తారు, 20డబ్ల్యూని సున్నాకి 15 డిగ్రీలు కింద. మన బెంగళూరులో డిసెంబరు తెల్లవారుజామునైనా 15 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. చెన్నైలో ఆ చలి కూడా ఉండదు. "ఇక్కడ మంచు పడదు కదా, 20డబ్ల్యూ-50 చాలు" అనే వాదన పుట్టింది ఇక్కడే. వినడానికి బాగుంటుంది గానీ సరికాదు, ఎందుకంటే చివరి అంకె వేరే సంగతి చెబుతుంది. 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం 20 గ్రేడుకి 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్సు, 30కి 9.3 నుంచి 12.5, 40కి 12.5 నుంచి 16.3, 50కి 16.3 నుంచి 21.9. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా 50 గ్రేడు ఆయిల్ 20 గ్రేడు కన్నా సుమారు రెండింతలు చిక్కగా ఉంటుంది. పొద్దున్నే తాళం తిప్పినప్పుడు ఆ తేడా మూడు నాలుగింతలకు తగ్గదు.

ఇప్పటి చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి కంపెనీ చెప్పేది 0డబ్ల్యూ-20 లేదా 5డబ్ల్యూ-30. కొన్నిటికి 0డబ్ల్యూ-16 కూడా. ఈ ఇంజిన్లలో బేరింగు సందులు, ఆయిల్ దారులు, ఆయిల్ పంపు అన్నీ ఆ పలచటి ఆయిల్‌కే లెక్కవేసి చేస్తారు. వాల్వ్ టైమింగ్ మార్చే యంత్రం ఆయిల్ ఒత్తిడితోనే తిరుగుతుంది. టైమింగ్ చైన్ బిగువు కూడా ఆ ఒత్తిడే చూస్తుంది. చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున స్టార్టు చేయగానే హెడ్ దాకా చేరడానికి ఆలస్యమవుతుంది. చైన్ గలగలమంటుంది. టైమింగ్ యంత్రం చెప్పిన మాట ఆలస్యంగా వింటే ఇంజిన్ లైటు వెలుగుతుంది. మైలేజీ తగ్గుతుంది. "ఆయిల్ నీళ్ళలా ఉంది, ఇది ఇంజిన్ని ఏం కాపాడుతుంది" అని పెద్దవాళ్ళు అంటే అర్థం చేసుకోవచ్చు. వాళ్ళు నడిపిన అంబాసిడరుకీ పద్మినికీ చిక్కటి ఆయిలే సరైనది. ఆ ఇంజిన్ల సందులు పెద్దవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. 0డబ్ల్యూ-20 లాంటి ఆయిల్ మామూలు మూల నూనెతో తయారు కాదు. అంత చలిలో కదలాలి, అంత వేడిలో ఆవిరి కాకూడదు అంటే మూడో తరగతి నూనె అయినా ఉండాలి. కాబట్టి మీ బండి పుస్తకంలో 0డబ్ల్యూ-20 ఒక్కటే ఉంటే, "మినరల్‌కి మారతాను" అన్నారంటే గ్రేడు మారుస్తాను అన్నట్టే. అది చేయవద్దు. పుస్తకంలో 10డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 కూడా రాసి ఉంటే నిశ్చింతగా మారొచ్చు. బయటి ఉష్ణోగ్రతని బట్టి ఏ గ్రేడు పోయాలో గీతలు గీసి చూపే పట్టిక చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. షెడ్డులో మాటలతో వాదించడం కన్నా ఆ ఫోటో చూపించడం తేలిక.

గ్రేడు తర్వాత చూడాల్సింది ఏపీఐ అక్షరాలు. పెట్రోలు బండికి ఎస్‌తో మొదలయ్యేవి: ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో. కొత్తది పాతదానికి బదులుగా పోయొచ్చు, పాతది కొత్తదానికి బదులు పోయకూడదు. టర్బో ఉన్న చిన్న పెట్రోలు ఇంజిన్లలో ఇది మరీ ముఖ్యం. తక్కువ వేగంలో, ఎక్కువ బరువు మీద ఉన్నప్పుడు స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకునే జబ్బు వీటికి ఉంది. పిస్టను పగిలేదాకా పోవచ్చు. ఆయిల్‌లో కాల్షియం మందు ఎక్కువైతే ఆ జబ్బు పెరుగుతుందని తేలాక, కొంత కాల్షియం తీసి మెగ్నీషియం పెట్టారు. ఎస్‌పీ పరీక్షలో ఆ జబ్బుకీ, టైమింగ్ చైన్ అరుగుదలకీ విడిగా కొలతలున్నాయి. ఎస్‌ఎల్, ఎస్‌ఎం అని రాసిన పాత రకం మినరల్ ఆయిల్ టర్బో పెట్రోలులో పోస్తే, కొన్న ధరలో మిగిలిన డబ్బు ఇంజిన్ మీద ఖర్చు కావొచ్చు.

డీజిలు బండి గలవాళ్ళు ఇంకొకటి చూడాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిలు కార్ల సైలెన్సరు దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడు బండి తనంతట తానే వేడి పెంచి మసిని కాల్చేసుకుంటుంది. కానీ ఆయిల్‌లోని లోహపు మందులు కాలితే వచ్చే బూడిద అలా కాలదు. అక్కడే పేరుకుంటుంది. అందుకే ఆ బళ్ళకి బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ చెబుతారు. డబ్బా మీద యూరప్ రకమైతే ఏసీఈఏ సీ2, సీ3 అనో, జపాన్ రకమైతే జాసో డీఎల్-1 అనో ఉంటుంది. పాత ఇన్నోవాకి పోసే 15డబ్ల్యూ-40 డబ్బా తెచ్చి బీఎస్6 డీజిలులో పోస్తే మసి ఫిల్టరు ఆయుష్షు తగ్గుతుంది. ఆ ఫిల్టరు ధరతో చాలా ఏళ్ళపాటు మంచి ఆయిల్ కొనుక్కోవచ్చు.

టర్బో, మసి ఫిల్టరు రెండూ లేని బండి, పుస్తకం మామూలు గ్రేడులకు ఒప్పుకుంటే, మినరల్ ఆయిల్‌తో హాయిగా నడుస్తుంది. అయితే కిలోమీటర్ల లెక్క మార్చుకోవాలి. సింథటిక్ నుంచి మినరల్‌కి తిరిగి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. సింథటిక్‌తో 10,000 కిలోమీటర్లు నడిపిన అలవాటుతో మినరల్‌ని కూడా 10,000 దాకా లాగుతారు. మినరల్ ఆయిల్ వేడికి త్వరగా చెడుతుంది, త్వరగా ఆవిరవుతుంది. ఆయిల్‌ని 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత ఎగిరిపోయిందో చూసే పరీక్ష ఒకటుంది, నోయాక్ పరీక్ష అంటారు. ఇంధనం ఆదా చేస్తుందన్న ముద్ర ఉన్న పెట్రోలు ఆయిళ్ళలో 15 శాతం దాటకూడదు. మంచి సింథటిక్ దానికి చాలా కిందే ఉంటుంది. మినరల్‌కి మారితే 5,000 దగ్గర, లేదా 6 నెలలకి, ఏది ముందొస్తే అప్పుడు మార్పించండి.

బెంగళూరులో ఈ కిలోమీటర్ల లెక్కే మనల్ని మోసం చేస్తుంది. సాయంత్రం పూట సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా ఔటర్ రింగు రోడ్డు మీద బండి ఎంతసేపు నిలబడి ఉంటుందో రోజూ వెళ్ళేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మీటరు తిరగకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. గంటకు సగటున 15 కిలోమీటర్ల చొప్పున 10,000 కిలోమీటర్లు తిరగాలంటే ఇంజిన్ సుమారు 667 గంటలు నడవాలి. అదే 10,000 హైవే మీద సగటున 60 చొప్పున అయితే సుమారు 167 గంటలే. అంటే ఊళ్ళోనే తిరిగే బండి ఆయిల్ నాలుగింతలు ఎక్కువ పనిచేసింది. బండి పుస్తకం చివర "కఠిన పరిస్థితుల్లో వాడకం" అనే పట్టిక ఉంటుంది. ఎక్కువసేపు ఆగి ఉండటం, చిన్న చిన్న దూరాలు, దుమ్ము అని అందులో రాసేవన్నీ మన ఊరికి సరిపోతాయి. దాని ప్రకారం సింథటిక్ అయినా సరే ముందే మార్చాలి. ఎంత ముందు అనేది ఆ పట్టికలోనే ఉంటుంది.

చిన్న దూరాలు ఎందుకు చెరుపు అంటే, రేడియేటరు నీళ్ళు వేడెక్కినంత త్వరగా ఆయిల్ వేడెక్కదు. అపార్టుమెంటు నుంచి బడికి రెండు కిలోమీటర్లు, మళ్ళీ ఇంటికి రెండు కిలోమీటర్లు. ఈలోపు ఇంజిన్లో పుట్టిన నీటి ఆవిరి, మండకుండా జారిన పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతాయి, పైకి ఆవిరై పోయేంత వేడి రాదు. నెలల తరబడి ఇలాగే నడిస్తే ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి పొర కనిపిస్తుంది. వారానికి ఒకసారైనా అరగంట ఆగకుండా హొసకోటె వైపో దేవనహళ్ళి వైపో నడిపితే అది పోతుంది. పోకుండా, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద కూడా పాలరంగు కనబడితే మాత్రం హెడ్ ప్యాకింగు నుంచి కూలెంటు (ఇంజిన్ని చల్లబరిచే రేడియేటరు నీళ్ళు) దిగుతోందేమో వెంటనే చూపించండి. అప్పుడు ఏ ఆయిల్ మార్చినా లాభం లేదు.

ఖర్చు సంగతి కూడా లెక్కవేసి చూడాలి. ఉదాహరణకి మూడున్నర లీటర్లు పట్టే ఇంజిన్ తీసుకోండి. మినరల్ లీటరు 350, సింథటిక్ 700, ఫిల్టరు 200, పనికూలి 300 అనుకుందాం. 10,000 కిలోమీటర్లకు మినరల్ రెండుసార్లు పోయాలి: ఆయిల్‌కి 2,450, ఫిల్టర్లకి 400, కూలికి 600, మొత్తం 3,450. సింథటిక్ ఒక్కసారి: 2,450, 200, 300, మొత్తం 2,950. పుస్తకం 10,000కి ఒప్పుకునేంత హైవే వాడకం ఉన్నవాళ్ళకి సింథటిక్ చవక. ఊళ్ళోనే తిరుగుతూ ఏదైనా 5,000కే మార్చేవాళ్ళకి, మామూలు గ్రేడు పట్టే పాత బండికి, మినరల్ చవక. మీ వాడకం ఏదో మీకే తెలుసు, షెడ్డువాళ్ళకి తెలియదు.

మారేటప్పుడు చేయాల్సిన పనిలో కొత్త విద్యలేమీ లేవు, కానీ శ్రద్ధగా చేయించుకోవాలి. బండిని ఐదు నిమిషాలు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు, చదునైన చోట, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ కింద డ్రెయిన్ బోల్టు విప్పాలి. ధార ఆగి చుక్కలు పడేదాకా, కనీసం పదిహేను నిమిషాలు వదలాలి. బోల్టు కింది వాషరు ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరాదు. కొత్తది వేయమని అడగండి, ధర చాలా తక్కువ. చాంబర్ అల్యూమినియంది అయితే మర కూడా అల్యూమినియందే. బలమంతా ఉపయోగించి బిగిస్తే మర పోతుంది, ఆ తర్వాత చాంబరే మార్చాలి. పుస్తకంలో ఇచ్చిన బిగువుకి టార్క్ రెంచ్‌తో బిగించాలి.

ఆయిల్ ఫిల్టరు మార్చకుండా ఆయిల్ మాత్రం మార్చే "పొదుపు" వద్దు. పాత ఫిల్టరులో మురికి ఆయిల్ పావు లీటరు దాకా ఉంటుంది. డబ్బాలాంటి ఫిల్టరైతే, విప్పాక పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడాలి. దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ కొద్ది నిమిషాల్లో మొత్తం బయటికి తన్నేస్తుంది. ఆయిల్ మార్పించుకున్న రోజే ఇంజిన్ పట్టేసిందంటే ముందు అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. కొత్త రింగుకి కొత్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు తగిలాక ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. లోపల కాగితపు గుండు ఉండే రకమైతే మూతకుండే ఓ-రింగు తప్పకుండా మార్చాలి.

పుస్తకంలో రాసిన కొలత కన్నా అరలీటరు తక్కువ పోసి ఆపండి. ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి, స్టార్టు చేసి, ఎర్ర ఆయిల్ లైటు రెండు మూడు సెకండ్లలో ఆరిందో లేదో గమనించండి. ఒక నిమిషం నడిపి ఆపి, కింద కారుడు చూసి, మళ్ళీ ఐదు నిమిషాలకి డిప్‌స్టిక్ తుడిచి చూడండి. పై గీతకి కొంచెం కింద ఉండేలా మిగతాది కొద్దికొద్దిగా పోయాలి. రెండు గీతల మధ్య దూరం చాలా కార్లలో ఇంచుమించు లీటరు. "డబ్బా విప్పాం కదా, మొత్తం పోసేద్దాం" అనుకోవద్దు. గీత బాగా దాటితే క్రాంకు ఆయిల్‌ని చిలుకుతుంది. నురగ వస్తుంది, నురగ బేరింగుని కాపాడదు.

పాత బండిని సింథటిక్‌కి మార్చేటప్పుడు ఒక్క జాగ్రత్త ఉంది. ఆయిల్ మూత తీసి టార్చితో లోపలికి చూడండి. పసుపు గోధుమ రంగు పూత ఉంటే ఫరవాలేదు. నల్లగా, గడ్డపెరుగులా మందంగా మడ్డి పేరుకుని ఉంటే, ఒక్కసారిగా కడిగే ఏ ప్రయత్నమూ చేయొద్దు. ఫ్లష్ మందు పోసి ఇంజిన్ పది నిమిషాలు నడిపితే ఊడిన గడ్డ చాంబర్ అడుగున పంపు పీల్చే జాలీకి అడ్డుపడొచ్చు. జాలీ మూసుకుంటే పంపుకి ఆయిల్ అందదు. ఇలాంటి బండికి కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేసి 2,000 కిలోమీటర్లకే మళ్ళీ రెండూ మార్చండి, ఇంకో 3,000కి మరోసారి. మడ్డి మెల్లగా కరిగి ఫిల్టరులో పడుతుంది. ఈ రెండు మూడు విడతలకి ఖరీదైన ఆయిల్ అక్కర్లేదు, పుస్తకం ఒప్పుకునే గ్రేడులో చవకది చాలు. మధ్యలో ఎర్ర లైటు మిణుకుమంటే, సిగ్నల్ దగ్గర ఉన్నా ఫ్లైఓవరు మీద ఉన్నా, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఇంటిదాకా పోనిద్దాం అనుకోవద్దు. మారిన మొదటి 1,500 కిలోమీటర్లలో ప్రతి 500కి డిప్‌స్టిక్ చూసి, తగ్గుదల ఎంతో కాగితం మీద రాసుకోండి.

డీజిలు ఆయిల్ నాలుగు రోజులకే నల్లబడిందని మార్పించేవాళ్ళున్నారు. నల్లబడటం అంటే మసిని ఆయిల్ తనలో పట్టుకుందని అర్థం, అది దాని పనే.

ఇంట్లో మిగిలిన కారు ఆయిల్‌ని మోటారు సైకిల్‌లో పోయడం కూడా మానాలి. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. పలచటి కారు ఆయిల్‌లో జారుడు పెంచే మందు ఉంటుంది, దానితో క్లచ్ జారుతుంది. బైకుకి జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని రాసింది కావాలి.

నకిలీ ఆయిల్ గురించి కూడా రాయాలి. ఖాళీ డబ్బాలు కొనుక్కుపోయి, వాడేసిన ఆయిల్‌ని వడగట్టి నింపి అమ్మేవాళ్ళు అన్ని పెద్ద ఊళ్ళలోనూ ఉన్నారు. ఇక్కడ జేసీ రోడ్డయినా, చెన్నైలో పుదుప్పేట అయినా, పేరున్న దుకాణంలో బిల్లుతో కొనండి. మూత సీలు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చెరగకుండా ఉన్నాయా చూడండి. మీ ఎదురుగానే సీలు విప్పించండి. అన్నిటికన్నా పనికొచ్చేది, ఖాళీ అయిన డబ్బాకి అక్కడే స్క్రూడ్రైవరుతో రెండు బొక్కలు పొడిపించడం. ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకుంటే ఆ షెడ్డుకి మళ్ళీ వెళ్ళకండి.

తీసిన పాత ఆయిల్ ఎక్కడికి పోతోందో కూడా అడగండి. వీధి కాలువలో పోస్తే అది రాజకాలువ (వాననీటి పెద్ద కాలువ) గుండా చెరువుకి చేరుతుంది. బెళ్ళందూరు చెరువు పడిన బాధ ఈ ఊళ్ళో ఉన్న అందరికీ తెలుసు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లరుకే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలకి కూడా దాని సేకరణలో బాధ్యత పెట్టారు. ఇంట్లోనే మార్చుకునేవాళ్ళు పాత డబ్బాలోనే నింపి, మూత బిగించి, డ్రమ్ము పెట్టి సేకరించే షెడ్డుకి ఇవ్వండి. నీళ్ళూ కూలెంటూ అందులో కలపొద్దు, కలిపితే రీసైక్లరు తీసుకోడు.

చివరిగా షెడ్ల యజమానులకు ఒక విన్నపం, దాన్ని మీ పత్రికలో వేయమని మనవి. బిల్లు మీద "ఇంజిన్ ఆయిల్" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. గ్రేడు, ఏపీఐ లేదా ఏసీఈఏ అక్షరాలు, ఎన్ని లీటర్లు పోశారు, మీటరు రీడింగు ఎంత, ఈ నాలుగూ రాయండి. అవే నాలుగు వివరాలు చిన్న స్టిక్కరు మీద రాసి బానెట్ లోపల అతికించండి. బండి చేతులు మారినా, ఊరు మారినా, తర్వాత మూత విప్పే మెకానిక్‌కి లోపల ఏముందో తెలుస్తుంది.

ఇట్లు,
ఒక ఆటోమొబైల్ టెక్నీషియన్,
కె.ఆర్.పురం, బెంగళూరు